పడబోయే ఇంటికి ఊతకర్ర

రాజధానికి వచ్చే తెలుగువారు ప్రధానంగా రెండు తెగలు. మంత్రిత్వ శాఖల చుట్టూ ఫైళ్ళ కోసమో, పార్టీ పెద్దల ఇళ్ళ చుట్టూ టిక్కెట్ల కోసమో తిరిగేవారు మొదటి తెగ. అన్సారీ నగర్‌లోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వాకిట పడిగాపులు పడేవారు రెండవ తెగ. మొదటి తెగవారి రాకపోకలను గురించి రాజధాని విలేఖరులు వారం వారం ఏదో ఒకటి వ్రాస్తూనే ఉంటారు. రెండవ తెగవారు వార్తలకెక్కడం అరుదు. పార్లమెంటు సభ్యుని సిఫారసు లేఖ జేబులో పెట్టుకుని, చలిరాత్రులు సైతం పేవ్‌మెంటు మీదనో, సబ్‌వేలోనో దుప్పటి పరచుకుని తెల్లవారే దాకా గడిపే ఆ జనం దేశ రాజకీయాలను గురించి మాట్లాడరు. కాని దేశ రాజకీయాలు వారి మీద ఎలా పనిచేస్తున్నవో అక్కడ పది నిమిషాలు నిలబడిన వారికి అర్థమవుతుంది.

ఆ గుంపులో ఒక రకం కుటుంబాన్ని సులభంగా గుర్తుపట్టవచ్చు. పదేళ్ళు దాటిన కొడుకును తండ్రి భుజాన వేసుకుని ఉంటాడు. తల్లి చేతిలో ప్లాస్టిక్ సంచి నిండా పాత రిపోర్టులు ఉంటాయి. స్వస్థలంలో అయిదారుగురు వైద్యులను చూసిన తరువాతనే వారు ఢిల్లీ రైలెక్కారు. జబ్బు పేరు కూడా వారికి తెలుసు. తెలియనిది, తెలుసుకోగోరేది ఒక్కటే: దీనికి మందు ఉన్నదా? ఆ ప్రశ్నకు వైద్యుడు ఏమి జవాబు చెప్పాలి, ఎలా చెప్పాలి, చెప్పిన దానికి ఎంతవరకు బాధ్యుడు అన్నదే ఈ వారం చర్చకు తీసుకున్న విషయం. ఇది వైద్యుల సభలకు వదిలివేయదగిన సంగతి కాదు. దీని వెనుక పార్లమెంటు ఉన్నది, న్యాయస్థానాలు ఉన్నాయి, మందుల కంపెనీలు ఉన్నాయి, ఖజానా ఉన్నది.

నరాలకు, కండరాలకు వచ్చే వ్యాధులలో కొన్ని మొండివి. డుషేన్ కండర క్షీణత మగశిశువులలో 3,500 నుంచి 5,000 మందికి ఒకరికి వస్తుంది. పసివాడు నాలుగైదేళ్ళ ప్రాయంలో మెట్లెక్కడానికి తడబడతాడు. నేల మీది నుంచి లేచేటప్పుడు తన తొడల మీద తానే చేతులు ఆనించుకుని లేస్తాడు. పిక్కలు మాత్రం బలిసి కనిపిస్తాయి. పిల్లవాడు పుష్టిగా ఉన్నాడని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. పది పన్నెండేళ్ళకు నడక ఆగిపోతుంది. తరువాత గుండె, ఊపిరి. వెన్నుపాములోని నరకణాలు నశించి కండరాలు కృశించే స్పైనల్ మస్క్యులర్ ఆట్రోఫీ సుమారు 10,000 జననాలకు ఒకటి. దానిలో తీవ్రమైన రకం సోకిన శిశువు, చికిత్స లేకపోతే, రెండేళ్ళు నిండకముందే ఊపిరాడక మరణిస్తుంది. నడివయసు దాటిన వారిని పట్టుకునే మోటార్ న్యూరాన్ వ్యాధిలో ఒళ్ళంతా చచ్చుబడిపోతున్నా తెలివి చాలామందిలో చెక్కుచెదరదు. ఈ మూడింటినీ సంపూర్ణంగా నయం చేసే మందు నేటికీ లేదు.

ఇటువంటి వ్యాధి ఎదురైనప్పుడు వైద్యుడు పారిపోయే దారులు రెండు. ఏమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని చేతులు దులుపుకోవడం ఒకటి. ఏదో ఒకటి చేద్దామని, ఫలితం రుజువు కాని దానిని అంటగట్టడం రెండవది. మన ప్రాచీన వైద్యులు ఈ చిక్కును ఎరుగుదురు. అసాధ్యమైన రోగాన్ని నెత్తికెత్తుకున్న వైద్యునికి ధనమూ, విద్యా, కీర్తీ మూడూ నష్టమేనని చరక సంహిత హెచ్చరించింది. అది వైద్యుని క్షేమం కోరిన మాట. రోగి క్షేమం కోరిన మాట మరొకటి ఉన్నది. సాధ్యానికీ అసాధ్యానికీ నడుమ యాప్యమని ఒక తరగతిని వారు ఏర్పరచారు. అది నయం కాని రోగమే, కాని తగిన చికిత్స సాగినంత కాలం మనిషిని నిలబెట్టవచ్చు. పడబోయే ఇంటికి సరిగా పెట్టిన ఊతకర్ర వంటిది ఆ చికిత్స అని సుశ్రుతుని పోలిక. రెండువేల ఏళ్ళ నాటి ఆ పోలిక కన్న మెరుగైనది ఈ వ్యాధుల విషయంలో నేటి వైద్య కళాశాలలలోనూ దొరకదు.

డుషేన్ వ్యాధినే చూద్దాము. మందు లేదనడం అర్ధసత్యం. చవకగా దొరికే స్టెరాయిడ్ మాత్రలు సకాలంలో మొదలుపెడితే పిల్లవాడు మరికొన్నేళ్ళు నడుస్తాడు. గుండెకు ముందుగానే మందులు, కీళ్ళు బిగుసుకోకుండా రోజువారీ వ్యాయామం, వెన్ను వంగితే శస్త్రచికిత్స, రాత్రిపూట ఊపిరికి చిన్న యంత్రం — ఇవన్నీ అమరిన చోట్ల, ఒకప్పుడు ఇరవై ఏళ్ళు దాటడం గగనమైన యువకులు నేడు ముప్ఫైల దాకా బ్రతుకుతున్నారు. ఇది అద్భుతం కాదు, ఊతకర్ర. దానిని గురించి ఒక్క మాటైనా చెప్పకుండా కేసు ముగించిన వైద్యుడు అబద్ధం ఆడలేదు. కాని నిజమూ చెప్పలేదు.

నిజం చెప్పడమన్నది వైద్యుని సౌజన్యానికి వదిలేసిన విషయం కాదు. అది రాసి ఉన్న నియమం. భారత వైద్య మండలి 2002లో ప్రకటించిన వృత్తి ప్రవర్తనా నిబంధనలలో రోగ పరిణామాన్ని గురించి ఒక చిన్న క్లాజు ఉన్నది. రోగి పరిస్థితి తీవ్రతను వైద్యుడు పెంచీ చెప్పరాదు, తగ్గించీ చెప్పరాదు; రోగికీ కుటుంబానికీ మేలు చేయగలిగినంత సమాచారం వారికి చేరినదో లేదో చూసుకోవలసిన బాధ్యత అతనిదే. నరాల వ్యాధుల వైద్యానికి ఇంతకంటె తగిన నియమం మరొకటి అక్కరలేదు. అయితే నియమం ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ మండలి స్థానంలో 2020లో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త ప్రవర్తనా నిబంధనలను విడుదల చేసింది. మందులను జెనరిక్ పేర్లతోనే వ్రాయాలని, కంపెనీలు ఖర్చు భరించే సదస్సులకు వైద్యులు హాజరు కారాదని అందులో ఉన్నది. వైద్యుల సంఘాలు భగ్గుమన్నాయి. అదే నెల 23న కమిషన్ తన నిబంధనలను తానే పక్కన పెట్టి, 2002 నాటి వాటినే తిరిగి అమలులోకి తెచ్చింది. ఇరవై ఒక్క రోజుల వైభవం! నాణ్యత మీద పూచీ లేకుండా జెనరిక్ పేర్లు వ్రాయమనడం సబబు కాదన్న వైద్యుల వాదనలో కొంత పస ఉన్న మాట నిజమే. కాని కంపెనీల ఖర్చుతో సదస్సులకు వెళ్ళే హక్కును కూడా అదే జెండా కింద కాపాడుకున్నారు. ఆ సంగతి మరచిపోరాదు.

నిజం చెప్పేవారు తక్కువైన చోట అబద్ధానికి గిరాకీ పెరుగుతుంది. మూలకణ చికిత్స పేరిట సాగిన వ్యాపారం అటువంటిదే. గడచిన ఇరవై ఏళ్ళలో మన నగరాలలో కండర క్షీణతకు, వెన్నుపాము దెబ్బలకు, మోటార్ న్యూరాన్ వ్యాధికి మూలకణాలు ఎక్కిస్తామనే కేంద్రాలు వెలిశాయి. రాజధాని ఇందుకు మినహాయింపు కాదు. సముద్రాలు దాటి వచ్చిన రోగులు కూడా ఇక్కడ చేరారు. భారత వైద్య పరిశోధనా మండలి 2007లోనూ, 2013లోనూ, మరల 2017లోనూ మార్గదర్శకాలు ప్రకటించింది. రక్త సంబంధమైన కొన్ని వ్యాధులలో మూలకణాల మార్పిడి తప్ప, మిగిలినదంతా అనుమతి పొందిన పరిశోధనలో భాగంగానే జరగాలి. చికిత్సగా అమ్మడం నీతిబాహ్యమని 2017 నాటి పత్రం స్పష్టం చేసింది. పరిశోధన అయితే దానికి నీతి సంఘం ఉండాలి, పాల్గొనేవారి వద్ద ప్రయోగపు మందుకు డబ్బు గుంజరాదు, హాని కలిగితే పరిహారం ఇవ్వాలి. చికిత్స అని పేరు మార్చగానే ఈ మూడు బాధలూ తప్పుతాయి. పొలం అమ్మి తెచ్చిన సొమ్ము ముందుగా చెల్లించాలి. గుణం కనిపించకపోతే మరో రెండు విడతలు కావాలంటారు.

తండ్రి సంతకం చేశాడు కదా అన్నది సిద్ధంగా ఉండే జవాబు. సర్వోన్నత న్యాయస్థానం 2008 జనవరిలో ఇచ్చిన ఒక తీర్పులో సమ్మతి అంటే ఏమిటో విప్పి చెప్పింది. చేయబోయేది ఏమిటి, ఎందుకు, ప్రయోజనం ఎంత, ప్రమాదం ఎంత, వేరే మార్గమేమైనా ఉన్నదా, చేయకపోతే ఏమవుతుంది — ఇవి తెలిసిన తరువాత ఇచ్చినదే సమ్మతి. ఈ వ్యాధి నెమ్మదిగా ముదురుతుందనీ, ఆరు నెలలు నిలకడగా ఉండటం దాని సహజ గతిలోనూ ఉన్నదనీ చెప్పకుండా, నిలకడగా ఉండటమే మా చికిత్స ఫలితమని చూపించేవారి కాగితాల మీద పడిన సంతకానికి ఎంత విలువ ఉంటుంది?

ఇక రోగ నిర్ణయం సంగతి. పిల్లవానికి అనుమానం రాగానే చేయించవలసినది సి.పి.కె. అనే మామూలు రక్త పరీక్ష. జిల్లా పట్టణాలలో కూడా జరుగుతుంది. దానికి బదులు కాలేయ పరీక్షలు చేయించి, వాటిలో ఎంజైములు ఎక్కువగా ఉన్నవని కామెర్ల మందులు వాడించే సందర్భాలు కొల్లలు. ఆ ఎంజైములు కండరాల నుంచి కూడా వస్తాయన్న సంగతి గుర్తు రాకపోవడమే కారణం. ఇందువల్ల పోయేది కాలం మాత్రమే కాదు. మొదటివానికి జబ్బేమిటో తేలేలోపు ఇంట్లో రెండవ మగపిల్లవాడు పుడతాడు. వానికీ అదే జబ్బు. ఒకే ఇంట ఇద్దరు కుర్రవాళ్ళు చక్రాల కుర్చీలలో ఉన్న కుటుంబాలలో చాలా వాటి కథ ఇదే.

రోగం తేలిన తరువాత వైద్యుడు చెప్పవలసిన మాటలలో అన్నిటికంటె ప్రమాదకరమైనది మరొకటి ఉన్నది. డుషేన్ వ్యాధి తల్లి నుంచి కొడుకుకు సంక్రమించే వ్యాధి. మూడింట రెండు వంతుల కుటుంబాలలో తల్లి ఆ జన్యు లోపానికి వాహకురాలు. తక్కిన మూడవ వంతులో లోపం బిడ్డలోనే కొత్తగా పుట్టినది, తల్లికి ఏ సంబంధమూ లేదు. పరీక్ష చేయకుండా ఈ తేడా తెలియదు. అయినా కిక్కిరిసిన ఓ.పి.లో, అత్తమామల ఎదుట, ఇది తల్లి వైపు నుంచి వచ్చినదని ఒక్క ముక్క జారవిడిచిన వైద్యుడు తరువాతి రోగిని పిలుస్తాడు. ఆ ముక్క ఊరు చేరేసరికి తీర్పుగా మారుతుంది. ఆ ఇల్లాలి కాపురం ఏమవుతుందో, ఆమె చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఏమవుతాయో ఏ కేసుషీటులోనూ ఉండదు. మరోవంక, ఆ చెల్లెళ్ళకు కూడా వాహకులయ్యే అవకాశం ఉన్నది కాబట్టి, వారికి తెలియజేయకుండా ఉండటమూ అన్యాయమే. రహస్యం తల్లిది, ప్రమాదం ఆమె చెల్లెళ్ళది. ఈ రెండింటి నడుమ మార్గం వెదకడానికి తీరిక కావాలి, తలుపు మూసిన గది కావాలి, జన్యు విషయాలు బోధపరచగల మనిషి కావాలి. మన ఆసుపత్రులలో ఈ మూడూ కరవే.

తెలుగు పాఠకులకు ఈ సందర్భంలో ప్రత్యేకంగా చెప్పవలసినది ఉన్నది. స్పైనల్ మస్క్యులర్ ఆట్రోఫీ, కొన్ని ఇతర కండర క్షీణతలు తల్లిదండ్రులిద్దరూ వాహకులైనప్పుడే బిడ్డకు వస్తాయి. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనమామను, మేనబావను చేసుకునే సంప్రదాయం మనలో ఉన్నది కాబట్టి ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. ఈ మాట చెప్పడంలోనూ నీతి ఉన్నది. మేనరికం చేసుకున్నారు, అనుభవించండి అన్న ధోరణిలో చెబితే అది వైద్యం కాదు, శాపనార్థం. రక్త సంబంధం ఏమీ లేని దంపతులకు కూడా ఈ వ్యాధి గల బిడ్డలు పుడుతున్నారు. ముందు బిడ్డలోని లోపం ఏదో కచ్చితంగా తేలితే తరువాతి గర్భంలో పరీక్షించే వీలున్నది. జన్యు వ్యాధులను కనిపెట్టడానికి గర్భస్థ పరీక్షలను 1994 నాటి చట్టం అనుమతిస్తున్నది. హైదరాబాదులోని డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం, నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ కలిసి అరుదైన వ్యాధులకు జాతీయ స్థాయి కేంద్రంగా గుర్తింపు పొందాయి. కనుక ఢిల్లీ దాకా రావలసిన అవసరం ఎందరికి ఉన్నదో, దారి చూపేవారు లేక వస్తున్నవారు ఎందరో ఆలోచించవలసిన విషయం.

డబ్బు ప్రస్తావన ఇంతవరకు వాయిదా వేశాము. నిజానికి నేడు ఈ వైద్యుల నీతికి అసలు పరీక్ష అక్కడే.

కేంద్రం 2021 మార్చిలో అరుదైన వ్యాధులకు జాతీయ విధానం ప్రకటించింది. వ్యాధులను మూడు తరగతులుగా విభజించింది. ఒక్కసారి చికిత్సతో తీరిపోయేవి మొదటి తరగతి. చికిత్స ఉన్నప్పటికీ ఖర్చు అపారమై, జీవితాంతం సాగవలసినవి, ఎవరికి మేలు చేస్తుందో ఏరి చూడవలసినవి మూడవ తరగతి. కండర క్షీణతలు ఈ మూడవ దానిలో పడ్డాయి. మొదటి తరగతికి 20 లక్షల రూపాయల సహాయం ప్రకటించి, మూడవ తరగతిని దాతల దయకు, చందాలు పోగుచేసే ఒక ప్రభుత్వ పోర్టల్‌కు వదిలారు. సంక్షేమ రాజ్యమే జోలె పట్టడం ఒక వింత. విమర్శలు చెలరేగిన మీదట 2022 మేలో అన్ని తరగతులకూ 50 లక్షల వరకు సహాయం వర్తింపజేశారు. కాని ఎవరికి ఇవ్వాలో సిఫారసు చేసే కలం వైద్యుని చేతిలోనే పెట్టారు. రోగి పక్షాన నిలబడవలసిన వ్యక్తి ఖజానా వాకిట ద్వారపాలకుడు కూడా అయ్యాడు.

ఇదే కాలంలో 16 కోట్ల రూపాయల ఇంజెక్షన్ మాట తెలుగు ఇళ్ళలో మారుమోగింది. స్పైనల్ మస్క్యులర్ ఆట్రోఫీకి జోల్‌జెన్స్మా అనే జన్యు చికిత్సను అమెరికా 2019లో అనుమతించింది; ఒక్క మోతాదు ధర 21 లక్షల డాలర్ల పైచిలుకు. మందు అందని దేశాల పిల్లలకు 2020లో ఏటా 100 మోతాదులు ఉచితంగా ఇస్తామని కంపెనీ చీటీలు తీసే పద్ధతి పెట్టింది. తన రోగి పేరును ఆ చీటీల డబ్బాలో వేయడం తప్ప వైద్యునికి గత్యంతరం లేదు. వేయకపోతే బిడ్డకు ద్రోహం, వేస్తే లాటరీకి ఆమోదం. చీటీ తగలని తల్లిదండ్రులు బిడ్డ ఫోటో పట్టుకుని దేశం ముందు నిలబడ్డారు. హైదరాబాదులో 2021లో ప్రజల చందాలతోనే ఆ ఇంజెక్షన్ ఒక బిడ్డకు అందింది. జనం ఔదార్యానికి చేతులెత్తి నమస్కరించవలసినదే. అయితే ముద్దులొలికే ముఖమున్న పసివానికి చందాలు వస్తాయి. ముక్కులో గొట్టం, వంకరపోయిన వెన్ను గల పదహారేళ్ళవానికి రావు. రోగి ఎవరో గుర్తుపట్టేలా అనుమతి లేకుండా ఫోటోలు ప్రచురించరాదని 2002 నిబంధనలు వైద్యులను శాసిస్తున్నాయి. పేదరికం ఇచ్చిన అనుమతి ఏపాటి అనుమతి?

ఖరీదైనది గనుక గొప్పదన్న భ్రమ కూడా తొలగాలి. డుషేన్ వ్యాధికి ఎలివిడిస్ అనే జన్యు చికిత్సను అమెరికా 2023లో అనుమతించి, 2024లో మరింత మంది పిల్లలకు విస్తరించింది. ధర 32 లక్షల డాలర్లు. పరిశీలకులు అభ్యంతరాలు చెప్పారు, ప్రధాన పరీక్ష ఆశించిన లక్ష్యాన్ని చేరలేదు. అయినా పై అధికారి అనుమతించాడు. నడవలేని స్థితిలో ఉండి దానిని తీసుకున్న ఇద్దరు కుర్రవాళ్ళు 2025లో కాలేయం దెబ్బతిని మరణించారు. ఆ తరువాత గాని సరఫరాకు పగ్గాలు పడలేదు. అటువంటి మందు కోసం ఇక్కడి తండ్రి కోర్టుకెక్కుతానన్నప్పుడు, వద్దని చెప్పగల ధైర్యం వైద్యునికి ఉండాలి. ఆ ధైర్యం ఉండాలంటే కంపెనీ ఉప్పు తిని ఉండరాదు. వైద్యులు కంపెనీల కానుకలు తీసుకోరాదని 2009లోనే నిబంధన వచ్చింది. అటువంటి కానుకల ఖర్చుకు ఆదాయపు పన్ను మినహాయింపు కుదరదని 2022 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానం తేల్చింది. 2024 మార్చిలో కంపెనీలకు ఒక ఏకరూప నియమావళి కూడా వచ్చింది. కంపెనీలను నియమించే ఆ నియమావళికి చట్టం కోరలు మాత్రం పెట్టలేదు.

ధరల కథకు మరో మలుపు ఉన్నది. అందులో తెలుగువారి పాత్ర ఉన్నది. స్పైనల్ మస్క్యులర్ ఆట్రోఫీకి నోటితో తీసుకునే రిస్డిప్లామ్ అనే మందును స్విట్జర్లాండు కంపెనీ రోష్ 2021లో మన దేశానికి తెచ్చింది. సీసా ధర సుమారు 6 లక్షలు. పాకిస్తాన్‌లో, చైనాలో ఇదే మందు చవకగా ఇస్తున్నారు గదా, ఇక్కడెందుకు ఇవ్వరన్న ప్రశ్న సర్వోన్నత న్యాయస్థానంలోనే వినిపించింది. హైదరాబాదు కంపెనీ నాట్కో దీని జెనరిక్ తయారుచేయగా, ఆపించడానికి రోష్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. 2025 మార్చిలో ఏక సభ్య న్యాయపీఠం, అక్టోబర్ 9న ద్విసభ్య న్యాయపీఠం ఆపడానికి నిరాకరించాయి. అదే నెల 17న సర్వోన్నత న్యాయస్థానం జోక్యం చేసుకోలేదు. నాట్కో తన సీసాకు పెట్టిన ధర 15,900 రూపాయలు.

లెక్క వేసి చూడండి. 20 కిలోల బరువు దాటిన రోగికి రోజుకు 5 మిల్లీగ్రాములు కావాలి; సీసాలో 60 మిల్లీగ్రాములు, అంటే 12 రోజులకు ఒక సీసా, ఏడాదికి 30. కంపెనీ దయతలచి ఇచ్చే రాయితీలను పక్కన పెడితే పాత ధరకు ఏడాది ఖర్చు 1 కోటి 80 లక్షలు. కొత్త ధరకు 4 లక్షల 77 వేలు. కేంద్రం ఇచ్చే 50 లక్షలు పాత ధరకు ఎనిమిది సీసాలతో, మూడు నెలల పైచిలుకుతో సరి. కొత్త ధరకు పదేళ్ళు దాటి వస్తుంది. మూడు నెలలు మందు తాగించి, నిధులు అయిపోయినవి, ఇక రావద్దని చెప్పవలసిన వైద్యుని నోటిని తలచుకోండి. యాప్య రోగికి పెట్టిన ఊతకర్రను లాగివేయడం అసలు పెట్టకపోవడం కంటె ఘోరం.

ఈ లాగివేత న్యాయస్థానాల దాకా వచ్చింది. 2020లో మొదలైన వ్యాజ్యాల మీద ఢిల్లీ హైకోర్టు 2024 అక్టోబర్ 4న తీర్పు చెబుతూ, అరుదైన వ్యాధులకు జాతీయ నిధి నెలకొల్పి రెండు ఆర్థిక సంవత్సరాలకు 974 కోట్లు కేటాయించమన్నది. 50 లక్షలు దాటిన తరువాత కూడా ఒక యువతికి మందు కొనసాగించమని కేరళ హైకోర్టు 2025 ఫిబ్రవరిలో ఆదేశించగా, ఆ నెలలోనే సర్వోన్నత న్యాయస్థానం దానిని నిలిపివేసింది. ఒకరికి కోట్లు ఖర్చు పెడితే వేలమంది క్షయరోగుల మాటేమిటన్న ప్రభుత్వ వాదనను తేలికగా కొట్టిపారేయలేము. అయితే ఆ తూకం వేయవలసినది పార్లమెంటు, బహిరంగంగా. ఓ.పి. గదిలో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ చేత, చాటుగా కాదు.

నయమయ్యే నరాల జబ్బులలో కూడా ఈ తూకం ఎదురవుతున్నది. 2025 జనవరిలో పుణె నగరంలో గిలియన్ బారీ సిండ్రోమ్ ప్రబలింది. కలుషిత జలం వల్ల వచ్చే క్రిమి ఇందుకు కారణమని అనుమానించారు. కాళ్ళు మొదలుకొని చచ్చుబడే ఈ జబ్బులో చాలామంది కోలుకుంటారు, వైద్యం త్వరగా అందితే. దీనికి స్టెరాయిడ్లు పనిచేయవు. పనిచేసేవి రెండు: ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్లు, రక్తంలోని ప్లాస్మాను మార్చడం. రెండింటి ఫలితమూ సమానమేనని ఏనాడో తేలింది. మొదటిదాని ఖర్చు లక్షలలో ఉంటుంది. ఢాకా వైద్యులు యంత్రమేమీ లేకుండా కొద్దికొద్దిగా ప్లాస్మాను మార్చే చవక పద్ధతిని రోగుల మీద పరీక్షించి, సురక్షితంగా చేయవచ్చునని 2018లో ప్రకటించారు. అప్పుపాలైన కుటుంబాలకు ఈ రెండవ మార్గం ఉన్నదని చెప్పవలసినది ఎవరు? చిన్న దేశమని మనం చిన్నచూపు చూసే బంగ్లాదేశ్‌లో ఆ ఆలోచన వచ్చింది.

మోటార్ న్యూరాన్ రోగి విషయం వేరు. అతనికి తెలివి ఉన్నది, మాట మాత్రం పోబోతున్నది. ఊపిరి యంత్రం పెట్టాలా, వద్దా, పెడితే ఎప్పటిదాకా అన్నది మాట ఉన్నప్పుడే అతనిని అడిగి తెలుసుకోవాలి. గౌరవంగా మరణించే హక్కును 2018 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానం గుర్తించింది. ముందస్తు వీలునామాకు మేజిస్ట్రేటు ఎదుట సంతకం కావాలన్న నిబంధనను 2023 జనవరిలో సడలించి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలునన్నది. తీర్పులు వచ్చాయి, అడిగే వైద్యులే తక్కువ. కొడుకులను పక్కకు పిలిచి గుసగుసలాడటం మన అలవాటు. మంచం మీద ఉన్న మనిషి అన్నీ వింటూనే ఉంటాడు.

తక్షణం చేయదగినది ఒకటి ఉన్నది. పాత ధరకు 50 లక్షలూ కరిగిపోయి ఖాతా మూతపడిన రోగులు ఎవరెవరో గుర్తింపు పొందిన కేంద్రాల రిజిస్టర్లలో ఉన్నది. కొత్త ధరకు వారిలో ఒక్కొక్కరికి ఏడాదికి అయిదు లక్షలు చాలు. వారి పేర్లు తిరిగి తెరవమని, విధానంలోని గరిష్ఠ పరిమితిని నేటి ధరతో మళ్ళీ లెక్కించమని ఆయా కేంద్రాల వైద్యులు ఆరోగ్య మంత్రిత్వ శాఖకు లేఖ వ్రాయాలి. మన పార్లమెంటు సభ్యులు వైద్య విజ్ఞాన సంస్థకు వ్రాసే సిఫారసు లేఖలతో పాటు ఆ ఒక్క లేఖకు కూడా సంతకం కలిపితే, హైదరాబాదులో తయారైన సీసా అన్సారీ నగర్ పేవ్‌మెంటు దాకా రాగలదు.